పెన్‌డ్రైవ్‌లో ఐఎస్ఓ పడేసినంత మాత్రాన బూట్ కాదు

మా కాలేజీ ల్యాబ్‌లో కొత్తగా విండోస్, లినక్స్ వేయడం నా పనే. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేశాక పాత ల్యాప్‌టాప్‌లు పట్టుకుని వచ్చే పిల్లలు ఎక్కువయ్యారు. వాటిలో చాలావాటికి విండోస్ 11 ఎక్కదు, పారేయడానికి మనసొప్పదు. పెన్‌డ్రైవ్ మాత్రం సిద్ధంగా ఉంటుంది. తెరిస్తే రెండు సినిమాలు, వాళ్లక్క పెళ్లి ఫోటోలు, వాటి మధ్య ఉబుంటు (ఒక రకం లినక్స్) ఐఎస్ఓ, అంటే ఇన్‌స్టాల్ డిస్క్ మొత్తాన్ని ఒకే ఫైల్‌గా చేసిన నకలు.

“కాపీ చేశా సార్, బూట్ అవ్వట్లేదు.”

అలా అవ్వదు. ఎందుకో చెప్తే మాత్రం కొందరికి ఆసక్తి పుడుతుంది, అందుకే ఇక్కడా రాస్తున్నా.

బయోస్ అంటే కంప్యూటర్ ఆన్ చేయగానే ముందుగా నడిచే ప్రోగ్రామ్. పాత బయోస్ మెషీన్‌కి ఫైళ్లు, ఫోల్డర్ల సంగతి తెలియదు. యూఎస్‌బీ నుంచి లేవమంటే అందులో మొదటి 512 బైట్లు చదువుతుంది. వాటి చివర 55, ఏఏ అనే రెండు బైట్లు కనిపిస్తే అక్కడున్న కోడ్ నడుపుతుంది, లేదంటే వదిలేసి తర్వాతి డిస్క్ చూస్తుంది. సీడీ అయితే ఈ పద్ధతి కాదు. 1995లో ఫీనిక్స్, ఐబీఎం కలిసి తెచ్చిన ఎల్ టొరిటో అనే సీడీ బూట్ పద్ధతి ప్రకారం, 2,048 బైట్ల సెక్టార్లను (డిస్క్‌లోని ముక్కలను) సున్నా నుంచి లెక్కపెడితే 17వ దాంట్లో బూట్ సమాచారం ఉంటుంది. ఐఎస్ఓ పుట్టింది సీడీ కోసం. పెన్‌డ్రైవ్‌లో ఆ 17వ సెక్టార్ కోసం ఏ బయోసూ వెతకదు.

ఇక్కడే నాకు బాగా నచ్చిన కిటుకు ఉంది. ఐఎస్ఓ 9660 అనే సీడీ ఫార్మాట్‌లో మొదటి 16 సెక్టార్లు, అంటే 32 కేబీ, ఎవరైనా వాడుకోమని ఖాళీగా వదిలేశారు. ఇంటి ముందు అరుగు లాంటిది, ఎవరొచ్చి కూర్చున్నా లోపలి వాళ్లకి అడ్డం లేదు. హెచ్. పీటర్ యాన్విన్ మొదలుపెట్టిన సిస్‌లినక్స్ (లినక్స్‌ని బూట్ చేయించే ప్రోగ్రామ్) ప్రాజెక్ట్ నుంచి వచ్చిన ఐసోహైబ్రిడ్ అనే టూల్, బయోస్ కోరుకునే ఆ 512 బైట్లని తెచ్చి ఈ ఖాళీలో కూర్చోబెట్టింది. అంతే, ఒకే ఫైల్ సీడీ మీద సీడీలా, పెన్‌డ్రైవ్ మీద హార్డ్‌డిస్క్‌లా పనిచేస్తుంది. ఇప్పుడు డెబియన్, ఉబుంటు, ఫెడోరా ఐఎస్ఓలన్నీ ఇలాంటి హైబ్రిడ్‌లే.

కాబట్టి లినక్స్ ఐఎస్ఓని పార్టిషన్ (డిస్క్‌లో విడదీసిన భాగం) లోపల కాకుండా, పెన్‌డ్రైవ్ మొదటి బైట్ నుంచి ఉన్నదున్నట్టు రాయాలి. దీనికి నేను లినక్స్‌లోని డీడీ అనే కమాండ్ వాడతాను. డీడీ అంటే డిస్క్ డిస్ట్రాయర్ అని నవ్వుతారు గానీ అది ఊరికే అన్న మాట కాదు. లినక్స్‌లో డిస్కులకి ఎస్‌డీఏ, ఎస్‌డీబీ లాంటి పేర్లుంటాయి; ఎస్‌డీబీ అనాల్సిన చోట ఎస్‌డీఏ అంటే కిమ్మనకుండా మన హార్డ్‌డిస్క్ మీదే రాసేస్తుంది. అందుకే ముందు డిస్కుల జాబితా తెరిపించి, సైజు పైకి చదవమంటాను. 465 జీబీ అని వినిపిస్తే అది పెన్‌డ్రైవ్ కాదు కదా! ఇంకొకటి: రాయడం అయిపోయిందని చూపించినా డేటా ఇంకా ర్యామ్‌లోనే ఉండొచ్చు. సింక్ కమాండ్ ఇచ్చి, అది ముగిసేదాకా పీకకూడదు. చవక పెన్‌డ్రైవ్ అయితే ఆలోపు టీ తాగి రావచ్చు.

విండోస్ ఐఎస్ఓకి ఈ పద్ధతి పనికిరాదు. అది యూడీఎఫ్ అనే డీవీడీ ఫార్మాట్‌లో ఉంటుంది, హైబ్రిడ్ కాదు. బయోస్ స్థానంలో యూఈఎఫ్ఐ వచ్చిన కొత్త మెషీన్లలో దానికి సులువైన దారే ఉండాలి నిజానికి. ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉన్న పార్టిషన్‌లో ఈఎఫ్ఐ ఫోల్డర్, దాని లోపల బూట్ ఫోల్డర్, అందులో బూట్ఎక్స్64.ఈఎఫ్ఐ ఫైల్ ఉంటే యూఈఎఫ్ఐకి చాలు. ఐఎస్ఓ లోపలున్నవన్నీ తీసి కాపీ చేస్తే అయిపోవాలి. కానీ విండోస్ ఫైళ్లన్నీ దాచిన ఇన్‌స్టాల్.విమ్ అనే ఒక్క ఫైల్ చాలా ఐఎస్ఓల్లో 4 జీబీ దాటుతుంది, ఫ్యాట్32లో అంత పెద్ద ఫైల్ పట్టదు. మిగతావన్నీ ఎక్కి అదొక్కటే బయట మిగులుతుంది.

దీనికి రూఫస్ అనే విండోస్ టూల్ చేసేది తెలివైన పని. పెద్ద ఫైళ్లు పట్టే ఎన్‌టీఎఫ్ఎస్ ఫార్మాట్‌లో పెద్ద పార్టిషన్ పెట్టి, చివర చిన్న ఫ్యాట్ పార్టిషన్‌లో ఎన్‌టీఎఫ్ఎస్ చదవగలిగే డ్రైవర్ పెడుతుంది. నేను లినక్స్ మనిషిని కాబట్టి విమ్‌లిబ్ అనే టూల్‌తో ఆ ఫైల్‌ని 3,800 ఎంబీ ముక్కలుగా కోస్తాను. విండోస్ సెటప్ ఆ ముక్కల్ని తనే కలుపుకుంటుంది, మనం ఏమీ చెప్పక్కర్లేదు.

ఒకే పెన్‌డ్రైవ్‌లో చాలా ఐఎస్ఓలు పెట్టుకోనిచ్చే వెంటాయ్ అనే టూల్ సంగతి అడగకుండా ఎవరూ వదలరు. బాగుంటుంది, ఐఎస్ఓలు మామూలుగా కాపీ చేస్తే చాలు, మెనూలో కనిపిస్తాయి. నా జేబులో ఉండేది అదే. కానీ సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం ఉన్నవాటినే బూట్ కానిచ్చే రక్షణ) ఆన్‌లో ఉన్న ప్రతి మెషీన్‌లోనూ మొదటిసారి దాని కీ నమోదు చేయాలి. వరసగా ల్యాబ్ అంతా వేయాల్సొస్తే అది విసుగు. అప్పుడు ఒక్క ఐఎస్ఓ రాసిన పెన్‌డ్రైవే మేలు.

డీడీ తర్వాత పెన్‌డ్రైవ్‌ని విండోస్‌లో పెడితే చిన్న సైజు చూపిస్తుంది, లేదా ఫార్మాట్ చేయమంటుంది. పోయిందని కంగారు పడి కొత్తది కొనకండి. విండోస్‌లోని డిస్క్‌పార్ట్ అనే కమాండ్ తెరిచి, సైజు చూసి సరైన డిస్క్ ఎంచుకుని, క్లీన్ కొట్టి, కొత్త పార్టిషన్ చేసి ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేస్తే మొత్తం చోటు తిరిగొస్తుంది.