పిండాయన బాకీ

జూన్ 11, బుధవారం. పర్లాకిమిడి, ఒడిశా.

పొద్దున్న ఎనిమిది కూడా కాలేదు. పొయ్యి మీద పాలు పొంగడానికి సిద్ధంగా ఉన్నాయి. ఇంతలో గ్రిల్లు మీద ఎవరో నాణెంతో టకటకా కొట్టారు. "పిండి లేదండీ, వాళ్ళు ఖాళీ చేసేశారు" అని వంటింట్లోంచే అరిచాను. ఏప్రిల్ 3న ఈ ఇంట్లో దిగినప్పటినుంచీ రోజుకి ఇద్దరికైనా చెబుతున్న మాట అది.

వచ్చింది పిండి కోసం కాదు, మీటరు కోసం.

చేతిలో చిన్న మిషను, నడుముకి సంచీ. మీటరు వైపు చూశాడు, నొక్కాడు, జానెడు కాగితం జర్రున బయటికొచ్చింది. నా చేతిలో పెట్టి, "బొకెయా అచ్ఛి, బేగి కట్టీయండి. లేప్పోతే పండగలోగా లైను కోసెస్తారు" అన్నాడు, సగం ఒడియా సగం తెలుగు. ఈ ఊళ్ళో అందరిదీ అదే భాష. బొకెయా అంటే బాకీ అని నాకు తెలుసు. ఎంతో తెలీదు. చూస్తే ఈసారి వాడకానికి 2,470, దానికింద పాత బాకీ 4,310, మొత్తం 6,780. అటు పాలు పొంగిపోయాయి.

మీటరు వరండాలో, గ్రిల్లు లోపల ఉంటుంది. ఏప్రిల్లో, మేలో రీడింగుకి వచ్చినవాళ్ళు తాళం చూసి వెళ్ళిపోయినట్టున్నారు. నేనేమో బిల్లు రాలేదు కదా, ఇంటిగలావిడ మావుసి కడుతోంది కాబోలు అనుకుని హాయిగా ఉన్నాను. బిల్లు రాకపోతే సంతోషించేవాళ్ళలో నేనూ ఒకత్తిని, దాచడమెందుకు.

నాకు ముందు ఈ ఇంట్లో ఉన్నాయన్ని నేను చూడలేదు. ఇడ్లీపిండి, అట్లపిండి రుబ్బి అమ్మేవాడు. పేరు కూడా తెలీదు, అందరూ పిండాయన అనేవారు, నేనూ అంతే. కానీ ఆ మనిషి ఎలా బతికాడో ఈ ఇల్లు చెబుతూనే ఉంటుంది. వరండా గచ్చు మీద గ్రైండరు కాళ్ళు దిగబడిన గుంటలు మూడు. నడుమెత్తు దాకా గోడ మీద ఎండిన పిండి చుక్కలు, చెయ్యి తిరగనివాళ్ళు పెట్టిన ముగ్గులా. గోకితే సున్నంతో సహా వస్తాయని వదిలేశాను. మూల పదిహేను ఆంపుల ప్లగ్గు ఒకటి, దాని కింది కన్నాల్లో ఒకదాని చుట్టూ నల్లగా కాలిన మచ్చ. మా ఫ్రిజ్ పెట్టడానికి అదే వీలైన చోటు, అయినా పెట్టలేదు, భయం. ఇక సాయంత్రమైతే స్టీలు గిన్నెలు పట్టుకొచ్చే జనం. ఒకావిడైతే యాభై రూపాయలు ముందే ఇచ్చానని నాతో గొడవ పెట్టుకుంది. ఆవిడ బాకీ కూడా నా నెత్తినే వేసుకోవాలేమో అనుకున్నాను ఆ రోజు.

టెక్కలిలో ఉన్న మావయ్యకి ఫోన్ చేశాను. ఆంధ్రా వైపు లైన్‌మేన్‌గా చేసి రిటైరయ్యాడు. రాష్ట్రం వేరైనా చట్టం ఒకటే కదా.

"మీటరెవలి పేరునుందే?"

"మావుసి వాళ్ళాయన పేరున. ఆయన పోయి ఆరేళ్ళయింది."

"సరిపోయింది. బాకీ సేసినోడు ఊళ్ళో నేడు, పేరున్నోడు నోకంలో నేడు. దొరికింది నువ్వు." బాగా నవ్వాడు. నవ్వి, తర్వాత తిన్నగా చెప్పాడు. ఆఫీసుకి అద్దెకున్నవాళ్ళు ఎవరో అక్కర్లేదు, వాళ్ళకి తెలిసింది కన్స్యూమర్ నంబరొక్కటే. నంబరు మారలేదు కాబట్టి బాకీ మీటరునే పట్టుకుని ఉంటుంది. అయితే రాతపూర్వకంగా 15 రోజుల నోటీసు ఇవ్వకుండా లైను కొయ్యడానికి లేదు, నోటి మాటకి బెదరొద్దు. తగువుంటే, వాళ్ళడిగిన మొత్తంగానీ గడిచిన ఆరు నెలల సగటు ప్రకారం లెక్కగానీ, ఏది తక్కువైతే అది "అభ్యంతరం ఉంది" అని రాసి కడితే తగువు తేలేదాకా ముట్టుకోకూడదు. 2003 విద్యుత్ చట్టంలో 56వ సెక్షనట. కరెంటు ఫిర్యాదులు వినే ఫోరానికి వెళ్ళొచ్చు, అక్కడా కాకపోతే దాని పైన అంబుడ్స్‌మన్. ఇంతా చెప్పి, గొంతు తగ్గించి, "ఒలే అమ్మీ, ఆ గ్రైండరు సంగతి మాత్రం ఎక్కడా అనీకు" అన్నాడు.

ఎందుకంటే ఇంటి కనెక్షను మీద యాపారం నడిపితే అది వేరే సెక్షను, 126. వచ్చి చూసి రాసుకుంటే రెట్టింపు రేటున లెక్కకట్టి వేస్తారు. ఎప్పట్నుంచి నడిచిందో తేలకపోతే ఏకంగా పన్నెండు నెలలకి వేస్తారు. పడేది పిండాయన మీద కాదు, మావుసి మీద.

పది గంటలకి వెనక వాటాలోకి వెళ్ళాను. మావుసికి పోయిన వారమే కంటికి శుక్లం తీశారు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, తలుపు దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది. మూడు రోజుల్లో రజొ పండగ. పొడొ పిఠాకి, అంటే ఆ పండక్కి బియ్యం రుబ్బి కాల్చే తీపి రొట్టెకి, ఈసారి తను రుబ్బలేదు, పొయ్యి దగ్గరికీ పోకూడదు, ఆ దిగులే దిగులు. నేను బిల్లు సంగతెత్తితే ముందు బియ్యం సంగతి చెప్పి, తర్వాత దీనికొచ్చింది.

"నేనేటి చెయ్యను మా. ఎల్లినప్పుడు అడ్వాన్సు ఇచ్చీమన్నాడు, రెండు నెలల అద్దె అందులో తెంపుకోమన్నాడు. కొరెంటు అంతా కట్టీసేను మావుసీ అన్నాడు. అబద్ధమాడతాడా అనుకున్నాను."

కాయితం అడగలేదా అనబోయి ఊరుకున్నాను. నేను దిగేటప్పుడు నేనైనా అడిగానా? తాళంచెవులు, నీళ్ళ ట్యాంకు, బాత్రూం గొళ్ళెం అన్నీ చూసుకున్నాను. పాత బిల్లొకటి చూపించండి అని నోటెంట రాలేదు.

అయితే మావుసి ఒక్క తెలివైన పని చేసింది. అతను వెళ్ళిన రోజున మీటరు రీడింగు గోడ మీద పెన్సిలుతో రాసిపెట్టింది. "అక్కడే ఉంటాది, చూసుకో. దాని కిందది ఆడిది, పైది నీది. నీది నువ్వు కట్టు. ఆడిది కూడా నువ్వే కట్టీసి, నా అద్దెలో తెంపుకో" అంది.

తిరిగొచ్చి కుర్చీ వేసుకుని ఎక్కాను. ఉంది, నాలుగు అంకెలు, కందిగింజంత. ఒడియాలో.

గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ ఊళ్ళోనే పిల్లలకి పాఠాలు చెప్పుకుంటూ, కొండల్లో సవరల భాష నేర్చుకుని దానికి నిఘంటువు తయారుచేశారు. నేను ఇదే ఊళ్ళో రెండేళ్ళుగా పిల్లలకి లెక్కలు చెబుతున్నాను, నాకు ఒడియా అంకెలు పది రావు. సిగ్గుపడి, మావుసి ఇచ్చిన కేలండరు మేకునుంచి తీసి, గోడ పక్కన పెట్టి ఒక్కొక్కటీ పోల్చాను. మొదటిది ఏడు. రెండోది రెండు. మూడోదానికి కేలండరు చూడలేదు, మనం రోజూ రాసే 8 కదా ఎదురుగా. చివరిది ఆరు. 7,286.

ఇప్పటి రీడింగు 7,486. మార్చి 10న ఆఖరుసారి తీసినది 6,946. అంటే 540 యూనిట్లలో నావి 200, పిండాయనవి 340. ఇక్కడ ఇళ్ళకి మొదటి 50 యూనిట్లకి ఒక రేటు, ఆపైన 200 దాకా ఇంకో రేటు. ఎవరి యూనిట్లు ఏ మెట్టులో పడ్డాయో తేల్చడం బ్రహ్మతరం కాదు కాబట్టి, 2,470ని 540తో భాగించాను. యూనిట్‌కి 4 రూపాయల 57 పైసలు. నా వంతు 915. (పాతపట్నంలో మా అమ్మకి మొదటి 30 యూనిట్లు ఇంకా చవక. ఫోన్లో ఈ మాట చెప్పకుండా ఉండదు. ఏరు దాటితే వేరే లెక్క.)

మిగిలిన 5,865 మావుసి ఖాతా. అద్దె మూడు వేలు. రెండు నెలలు అద్దె ఇవ్వక్కర్లేదు, పైన 135 నేనే ఇవ్వాలి. మావుసి నోట్‌బుక్కులో అలాగే రాసి, ఆవిడ చెయ్యి పట్టుకుని సంతకం ఎక్కడ పెట్టాలో చూపించాను.

మావయ్య చెప్పినట్టు సగటు కట్టి, అర్జీ రాసి, తగువు నడపొచ్చు. ఆయన్ని మళ్ళీ అడిగితే, "నువ్వు పోరాడతావేటి, ఆవిడ పోరాడాల. ఆవిడికి కన్నే నేదు" అన్నాడు. నిజమే. నల్లద్దాల ముసలావిణ్ణి ఎండలో తిప్పి, చనిపోయిన మనిషి పేరు మార్చకుండా ఆరేళ్ళు ఎందుకున్నారని మొదటి ప్రశ్న వేయించుకుని, అక్కణ్ణుంచి మొదలుపెట్టాలి.

పన్నెండింటికి కరెంటాఫీసు. కౌంటరు ముందు చెక్క బల్ల, నా ముందు తొమ్మిదిమంది, పైన తిరగని ఫ్యాను. కరెంటాఫీసులో! కూర్చుని ఫోన్లో చదివాను. మొదటిసారి కట్టాల్సిన తేదీనుంచి రెండేళ్ళు దాటిన బాకీ, మధ్యలో బిల్లుల్లో చూపిస్తూ రాకపోతే, అడగడానికి లేదట. మాది ఆరు నెలల బాకీ, ఉపయోగం లేదు. 2023 మేలో సుప్రీంకోర్టు ఇంకో మాటంది. నిబంధనలు ఒప్పుకుంటే, ఇల్లు కొనుక్కున్న కొత్తవాళ్ళు కనెక్షను అడిగినప్పుడు పాత యజమాని కరెంటు బాకీ తీరిస్తేనే ఇస్తామనడం తప్పు కాదని. కొనుక్కున్నవాళ్ళకే అలా ఉంటే నా 915 గురించి ఏం వాదిస్తాను? ఫోన్ సంచీలో వేసేశాను.

నా వంతు వచ్చింది. కౌంటర్లో ఆయన స్క్రీను చూసి కనుబొమ్మలెగరేశాడు. "చలికాలంలో కూడా ఇంత కాలింది. ఇంట్లో ఏం నడిపారు?"

గుండె ఒక్కసారి జారింది. "ముందున్నవాళ్ళకి ఏసీ ఉండేదేమోనండీ" అన్నాను.

చలికాలంలో ఏసీ! అన్న మరుక్షణం నాకే అర్థమైంది. ఆయనకీ అర్థమయ్యే ఉంటుంది. కళ్ళద్దాల మీదుగా నన్నొకసారి చూసి, "ఏడొందల ఎనభై చిల్లర ఉందా?" అన్నాడు. ఉంది. ఇచ్చాను. రసీదు తీసుకుని వెనక్కి చూడకుండా వచ్చేశాను. నల్లమచ్చ ప్లగ్గు కళ్ళముందు ఆడుతూనే ఉంది దారంతా.

సాయంత్రం ఐదింటికి ట్యూషన్ పిల్లలు. అందులో ఆరో తరగతి పిల్ల ఒకత్తి ఉంది, ఒడియా మీడియం, నేను ఎక్కాలు తెలుగులో చెబితే తను పెదాలతో ఒడియాలో అనుకుంటుంది. కుర్చీ ఇంకా మీటరు కిందే ఉంటే ఎక్కి నిలబడింది. దిగమన్నాను. దిగకుండా, "టీచరుగారూ, ఇది ఎవరు రాశారు? ఏడు, రెండు, నాలుగు, ఆరు" అంది.

"నాలుగు కాదు, ఎనిమిది."

"కాదండీ. నాలుగే."

ఫోన్ లైటు వేసి చూశాను. ఒడియా నాలుగు మనం రాసే 8 లాగే ఉంటుంది, తలమాత్రం విప్పి ఉంటుంది, రిబ్బను ముడిలా. ఇక్కడ ఆ తల మీదుగా సున్నం పెచ్చు లేచి, దాని అంచు నీడ గీతలా పడి, తల మూసేసింది. గోటితో ఆ పెచ్చు తీశాను. తల తెరుచుకుంది. మిగిలిన మూడూ కేలండరుతో పోల్చి, ఈ ఒక్కటీ తెలిసిందే కదా అని వదిలేశాను.

7,246. అంటే నావి 200 కాదు, 240. నా వంతు 915 కాదు, 1,098. తేడా 183 రూపాయలు.

చెప్పకపోతే ఎవరికీ తెలీదు. మావుసికి కనబడదు, ఆ పిల్లకి ఇది ఎందుకో తెలీదు. నిజం చెప్పాలంటే ఓ పది నిమిషాలు ఆలోచించాను, పిల్లలకి భాగహారాలిచ్చి. పొద్దున్నించీ ఇంకొకడి బాకీ నేను మోస్తున్నానని అందరితో చెప్పుకున్నానాయె.

పిల్లలు వెళ్ళాక నోట్‌బుక్కు కోసం వెనక వాటాకి వెళ్ళాను. చెప్పాను. 5,865 కొట్టేసి 5,682 వేశాను, 135 కొట్టేసి 318 వేశాను. మావుసి పుస్తకం ముక్కు దగ్గర పెట్టుకుని, నల్లద్దాలు కొంచెం ఎత్తి చూసింది.

"ముందు రాసిందే కనబడలేదు మా. దిద్దితే మట్టుకు కనబడతాదేటి" అని నవ్వింది. తర్వాత, కాస్త ఆగి, "నా నాలుగు బాగోలేదా?" అంది, మాట పడినట్టు.

బాగానే ఉందని చెప్పాను. చిల్లర 318 ఇప్పుడే తెచ్చివ్వనా అంటే, ఆగస్టులో చూద్దామంది. బియ్యం నానబెట్టిన గిన్నె మూల కనిపించింది. ఎవరు రుబ్బుతారంటే మాట్లాడలేదు. నేనే పట్టుకొచ్చేశాను, ఇంట్లో మిక్సీ ఉంది కదా.

ఆ పిల్ల చేత వెళ్ళేముందే గోడ మీద, పాత అంకె కింద ఇవాళ్టి రీడింగు రాయించాను. తేదీతో సహా, ఒడియాలో. 7,486. నాలుగూ ఎనిమిదీ పక్కపక్కనే పడ్డాయి. ఒడియా ఎనిమిది మనం రాసే 8కి ఏ చుట్టరికమూ లేని చిన్న కొక్కెం. దాని కింద మన అంకెల్లో కూడా రాసుకున్నాను.

మిక్సీ వేశానో లేదో గ్రిల్లు టకటకమంది. గిన్నెతో ఎవరో. "మళ్ళీ మొదలెట్టారా? అర కేజీ ఇవ్వండి" అన్నారు.