శనివారం, సర్వీసు నించి తిరిగొచ్చిన పిస్టల్

ఇవాళ మధ్యాహ్నం దాకా ఇల్లు కదల్లేదు. పిస్టల్ సర్వీసు నించి వెనక్కొస్తోంది, పెద్దవాళ్ళెవరైనా సంతకం పెడితేగానీ కొరియర్ అతను చేతికివ్వడు, నేనలా కూరగాయలకి పోయిన టైములోనే వచ్చి తలుపుకి చీటీ అంటించి పోతాడని నా భయం. కరివేపాకు లేకుండా పులిహోర ఎలా చెయ్యమంటావ్ అని మా ఆవిడ అడిగి అడిగి చివరికి తనే కారు తాళాలు తీసుకుని వెళ్ళిపోయింది.

పన్నెండు దాటాక వచ్చింది. మామూలు అట్టపెట్టె, లోపల ఏముందో పైన ఎక్కడా రాసుండదు. మా డాలస్ వాళ్ళలో చాలామందికి తెలీని సంగతేంటంటే, రిపేరుకి పంపిన తుపాకీ కంపెనీ నించి నేరుగా ఇంటికే రావొచ్చు, మళ్ళీ గన్ షాపుకి పోయి 4473 ఫారం (తుపాకీ కొనేటప్పుడు నింపే ఫెడరల్ కాగితం) నింపక్కర్లేదు, పాతది బాగవ్వక అదే రకం కొత్తది ఇచ్చినా అంతే. పంపేటప్పుడే అసలు తలనొప్పి. మనలాంటి మామూలోళ్ళు పోస్టాఫీసు ద్వారా పిస్టల్ పంపకూడదు, చట్టం ఒప్పుకోదు, కొరియర్ వాళ్ళు కూడా ఈమధ్య మామూలు జనం దగ్గర తుపాకులు తీసుకోటంలేదు, అంచేత కంపెనీ తన ఖాతా మీద లేబుల్ పంపేదాకా కూర్చోవాలి, అది వచ్చాక కూడా వీధి చివరి డ్రాప్ ఆఫ్ షాపులో తీసుకోరు, ఊరి బయట వాళ్ళ పెద్ద సెంటర్‌కే మోసుకెళ్ళాలి.

కంపెనీ పేరు రాయను. 9 ఎంఎం, ప్లాస్టిక్ ఫ్రేము, రెండొందల యాభై డాలర్ల లోపు. మా వీధిలో కార్ల అద్దాలు పగిలిన సీజన్‌లో, గ్రీన్ కార్డ్ వచ్చిన కొత్తలో కొన్నా. డబ్బాలోనే లైఫ్‌టైమ్ వారంటీ కార్డు ఉంది, షాపాయన కూడా దాన్నే చూపించి అమ్మాడు. మొదట్నించీ దీని జబ్బు ఒకటే, మ్యాగజైన్‌లో (తూటాలు పేర్చి పిస్టల్‌లోకి తోసే పెట్టె) మొదటి రెండు మూడు రౌండ్లు, అంటే తూటాలు, బానే పోతాయి, తర్వాతది ముక్కు కిందికి వంచుకుని ఫీడ్ ర్యాంప్ (తూటా బ్యారెల్‌లోకి ఎక్కే వాలు) దగ్గర ఆగిపోతుంది, స్లైడ్, అంటే పైన వెనక్కీ ముందుకీ కదిలే భాగం, సగంలో నిలబడిపోతుంది. అప్పుడప్పుడూ ఖాళీ కేసు (కాల్చాక మిగిలే తూటా తొడుగు) బైటికి పడకుండా నిటారుగా ఇరుక్కుంటుంది, దాన్ని ఇక్కడ స్టవ్‌పైప్ అంటారు. కాల్చటం ప్రాక్టీసు చేసే రేంజ్‌లో అయితే నవ్వుకుని దులిపేసుకుంటాం. రాత్రి రెండింటికి అలా అయితే?

మొదటిసారి పంపినప్పుడు వాళ్ళు పిస్టల్ ఒక్కటే పంపండి, మ్యాగజైన్లు, పిస్టల్ పెట్టుకునే డబ్బా, ఇంకేవీ వద్దు, పోతే మా బాధ్యత కాదు అన్నారు. సరే అని అలాగే పంపా. వారాలు గడిచాక చీటీతో వచ్చింది, టెస్ట్ ఫైర్ చేశాం, లోపం ఏమీ కనపడలేదు అని. ఎలా కనపడుద్ది? వాళ్ళ మ్యాగజైన్ పెట్టి వాళ్ళ రౌండ్లతో కాలిస్తే బ్రహ్మాండంగా పోయుంటుంది. చవక పిస్టళ్ళలో సగం గొడవ మ్యాగజైన్‌ దగ్గరే ఉంటుంది, పైన రౌండ్‌ని పట్టుకునే ఆ రెండు అంచులు, ఫీడ్ లిప్స్, కాస్త ఎక్కువ తెరుచుకున్నా కాస్త మూసుకున్నా తూటా వెళ్ళే కోణం మారిపోద్ది. రేకు వంచి చేసే ముక్క, పది డాలర్లు మిగుల్చుకోవాలంటే కంపెనీ చెయ్యి పెట్టేది ముందు అక్కడే. ఈసారి వద్దన్నా వినకుండా మ్యాగజైన్ల మీద మార్కర్‌తో 1, 2 అని రాసి, ఏది ఎక్కడ ఆగుతోందో ఫోటోలు ప్రింట్ తీసి, ఇరుక్కున్న కేసుల అడుగు భాగం కనపడేలా పెట్టి మరీ పంపా.

ఇవాళ్టి చీటీలో ఎక్స్‌ట్రాక్టర్ (ఖాళీ కేసుని బైటికి లాగే కొక్కెం) మార్చాం, ఫీడ్ ర్యాంప్ పాలిష్ చేశాం, రెండో మ్యాగజైన్ కొత్తది ఇచ్చాం అని రాశారు. పైసా తీసుకోలేదు, ఆ మాట చెప్పుకోవాలి. సర్వీసు వాళ్ళని తిట్టబుద్ధి కాదు నాకు, ఫోన్లో మాట్లాడే ఆవిడ ఎంత ఓపిగ్గా వింటదో. కానీ ఒక లెక్క ఉంది, ఖరీదైన పిస్టల్ కంపెనీ ఫ్యాక్టరీలో చేసే తనిఖీని వీళ్ళు మా ఇంటికి మార్చేశారు, తనిఖీ చేసే జీతంలేని ఉద్యోగిని నేను, తూటాలు నావి, రేంజ్ ఫీజు నాది, శనివారం నాది. మామూలు 9 ఎంఎం రౌండ్ పావు డాలర్ దాకా ఉంది, హాలో పాయింట్ (ముక్కు దగ్గర గుంట ఉండే తూటా) అయితే ఇంకా చాలా ఎక్కువ, పిస్టల్‌ని నమ్మాలంటే రెండొందల రౌండ్లు ఆగకుండా పోవాలని అందరూ చెప్పే మాట, అందులో కొన్ని ఇంట్లో పెట్టుకునే ఆ హాలో పాయింట్లే అయుండాలి. ఆగినప్పుడల్లా లెక్క మళ్ళీ మొదట్నించి. ఇప్పుడు కూడండి ధర ఎంతో. అన్నిటికన్నా ముఖ్యం, అది సర్వీసులో ఉన్నన్నాళ్ళూ ఇంట్లో సేఫ్ ఖాళీ, దానికి వారంటీలో లైను లేదు.

సాయంత్రం నెల్లూరు అన్నయ్యతో రేంజ్‌కి వెళ్ళా. ఆయన దగ్గరుండేది హై పాయింట్, ఒహాయోలోని మాన్స్‌ఫీల్డ్‌లో తయారయ్యేది, ఈ దేశంలో చవక పిస్టల్ అనగానే అందరూ ఎగతాళి చేసేది అదే. చేతిలోకి తీసుకుంటే రోకలి ఎత్తినట్టుంటది. దానికీ కారణం ఉంది, మిగతా 9 ఎంఎం పిస్టళ్ళలో చాలావాటికి పేలే క్షణంలో బ్యారెల్, స్లైడ్ లాక్ అయ్యుండే ఏర్పాటు ఉంటుంది, దీంట్లో ఆ ఏర్పాటే లేదు, ఒట్టి బ్లోబ్యాక్, స్లైడ్ బరువే వెనక్కి తోసే ఒత్తిడిని ఆపాలి, అందుకే అంత లావుగా జింక్ అలాయ్‌తో పోత పోస్తారు. పార్టులు తక్కువ, ఖర్చు తక్కువ, చూట్టానికి మాత్రం దరిద్రం. 2019లో కొత్త మోడల్‌కి పేరు పెట్టమని కంపెనీ జనాన్ని అడిగితే యీట్ క్యానన్ (విసిరికొట్టే ఫిరంగి అన్నట్టు వెటకారం) అని ఓట్లు గుద్దారు, చివరికి వాళ్ళు కూడా నవ్వుకుని అదే పెట్టేశారు. వారంటీ మాత్రం ఎన్నో చేతులు మారినా చెల్లుద్ది, బిల్లు అడగరు. అన్నయ్య పాన్ షాపులో కొన్నాడు, అంటే తాకట్టు షాపు, ఊళ్ళో కిళ్ళీ కొట్టు కాదు (ఇండియా నించి వచ్చిన కొత్తలో నేనూ కిళ్ళీ కొట్టనే అనుకున్నా).

నాది ఎలా కాలిందంటే, మామూలు రౌండ్లు డబ్బా అంతా ఒక్కసారి కూడా ఆగకుండా పోయాయి, నాకే నమ్మబుద్ధి కాలేదు. హాలో పాయింట్లు కొత్త మ్యాగజైన్‌తో పోయాయి, పాతదాంతో మళ్ళీ ఒకటి ఆగింది. అన్నయ్య చూసి నువ్వు మణికట్టు వదిలేస్తున్నావ్ తమ్ముడూ అన్నాడు, తేలిక ప్లాస్టిక్ పిస్టళ్ళలో అది నిజమే, మణికట్టు గట్టిగా లేకపోతే స్లైడ్ పూర్తిగా వెనక్కి పోదు. సరే అని ఆయన్నే కాల్చమన్నా. ఆయన చేతిలోనూ ఆగింది, అదీ పాత మ్యాగజైన్‌తోనే. ఇంకేం మాట్లాడలేదు ఆయన.

తిరిగొచ్చేటప్పుడు కార్లో అదే కబుర్లు. ఈ దేశంలో రైస్ కుక్కర్ కాలిపోతోందంటే వెనక్కి పిలవమని ప్రభుత్వం కంపెనీ మెడలు వంచగలదు, తుపాకీ విషయంలో ఆ అధికారం లేదు, కన్స్యూమర్ సేఫ్టీ కమిషన్‌ని పెట్టిన 1972 చట్టమే తుపాకుల్ని దాని చేతికి ఇవ్వలేదు, తూటాల జోలికి కూడా పోకుండా 1976లో సవరణ చేశారు. కాబట్టి రీకాల్ అనేది కంపెనీ తనంతట తను చెయ్యాల్సిందే, లేదా కోర్టుకి లాగాలి. రూగర్ 2008లో ఎల్‌సీపీ అనే చిన్న జేబు పిస్టల్ తెచ్చి, కిందపడితే పేలే అవకాశం ఉందని అదే ఏడాది తనే వెనక్కి పిలిచి బాగుచేసి పంపింది, తమాషా ఏంటంటే ఆ కంపెనీ కాగితం మీద వారంటీయే ఇవ్వదు, అయినా సర్వీసుకి వాళ్ళకున్న పేరు చాలామందికి లేదు. టారస్ సంగతి వేరే, కిందపడితే పేలుతున్నాయన్న కేసులో తప్పు ఒప్పుకోకుండానే 2015లో రాజీకొచ్చింది, తొమ్మిది మోడళ్ళు, అమెరికాలో అమ్మిన దాదాపు పది లక్షల పిస్టళ్ళు. ఇప్పుడు జార్జియాలో కొత్త ఫ్యాక్టరీ పెట్టి బాగానే చేస్తున్నారని రేంజ్‌లో జనం అంటారు, అన్నయ్య మాత్రం ఒప్పుకోడు.

ఇంక లైఫ్‌టైమ్ అంటే కంపెనీ బతికున్నన్నాళ్ళే కదా. కాలిఫోర్నియాలో బ్రైకో అని చవక పిస్టళ్ళ కంపెనీ, 2003లో వాళ్ళ పిస్టల్ పేలి ఒక పిల్లాడు గాయపడిన కేసులో పెద్ద తీర్పు పడి దివాలా తీసింది, మరుసటేడు వేలంలో దాని ఫోర్‌మనే ఆ సరుకంతా కొనుక్కుని జిమెనెజ్ ఆర్మ్స్ అని పెట్టాడు, అదీ 2020లో దివాలా. ఆ పిస్టళ్ళు ఇంకా తాకట్టు షాపుల్లో కనపడతాయి, స్ప్రింగ్ పోతే అడగటానికి ఎవరూ లేరు.

రాత్రి బావమరిది ఫోన్ చేశాడు, అట్లాంటాలో ఉంటాడు, బావా నేనూ ఒకటి తీసుకుందామనుకుంటున్నా చవకలో ఏది మంచిది అని. వాడింకా హెచ్ వన్ బీ మీదున్నాడు. ముందు ఆ మాట ఆపరా అన్నా, నీ వీసా మీద తుపాకీ ముట్టుకోటమే ఫెడరల్ నేరం, వేట లైసెన్స్ లాంటి మినహాయింపు ఉంటే తప్ప, రేంజ్‌లో అద్దెకి తీసుకున్నా అదే రూలు, సరదాకి నా పిస్టల్ పట్టుకుని ఫోటో దిగటం కూడా వద్దు. వాడు కాసేపు ఊరుకుని అయితే లైసెన్స్ తీసుకుంటా అన్నాడు, తీసుకునేలాగే ఉన్నాడు.

పాత మ్యాగజైన్‌ని చెత్తలో వెయ్యలేదు, దానికి ఎర్ర టేపు చుట్టి ప్రాక్టీసుకి పక్కన పెట్టా, కొత్తవి రెండు ఆర్డర్ పెట్టా. మా ఆవిడ పులిహోర కలుపుతూ ఇంతకీ బాగైందా లేదా ఒక్క ముక్కలో చెప్పు అంది. పిస్టల్ బాగైంది, మ్యాగజైన్ బాగవ్వలేదు అన్నా. రెండూ కలిపే కదా కాల్చేది అంది. సోమవారం సర్వీసు వాళ్ళకి మళ్ళీ ఫోన్ చెయ్యాలి, వాళ్ళది ఈస్టర్న్ టైము, నాకు తొమ్మిదింటికి స్టాండప్ (ఆఫీసు రోజువారీ మీటింగు) ఉంది కాబట్టి ఏడున్నరకే లైన్లో నిలబడాలి.