పేర్లు వదిలేసి ఒక విమానం వెంట పడ్డాను

సివిల్స్ ఫలితాల్లో నా నంబరు చూసుకుని నాలుగు రోజులైంది. రోజుకు ఎన్ని గంటలు చదివావని అందరూ అడుగుతున్నారు. నేను చెప్పదలచుకున్నది మాత్రం నిరుడు చేజారిన మెయిన్స్ గురించి.

దానికి ముందు రాసిన నమూనా పరీక్షలో ఒక 15 మార్కుల ప్రశ్న: అమెరికా, సోవియట్ యూనియన్ మధ్య ప్రచ్ఛన్న యుద్ధంలో గూఢచర్యం ఎందుకు ముదిరింది? బెర్లిన్ సొరంగం, జార్జ్ బ్లేక్, పెంకోవ్‌స్కీ, 1985లో పట్టుబడిన జాన్ వాకర్... కంఠతా వచ్చిన గూఢచారుల పేర్లు, ఉదంతాలన్నీ గుక్క తిప్పుకోకుండా రాశాను. మూడున్నర మార్కులు వచ్చాయి. పక్కన ఎర్ర సిరాతో ఒకటే మాట: 'ఎందుకు?' అసలు పరీక్షలోనూ అదే ధోరణిలో రాసి దెబ్బతిన్నాను.

ఈసారి 1960 మే 1న పాకిస్థాన్‌లోని పెషావర్ నుంచి లేచిన అమెరికా గూఢచారి విమానం యూ-2ను పట్టుకున్నాను. అమెరికాకు అంత తెగింపు ఎందుకు? సోవియట్ల దగ్గర ఎన్ని క్షిపణులున్నాయో తెలియదు, ఆ భయం. 70 వేల అడుగుల ఎత్తున ఎవరికీ అందదనుకున్నది కాస్తా సోవియట్ నగరం స్వెర్డ్‌లోవ్‌స్క్ దగ్గర కూలింది. వాతావరణ పరిశోధన విమానమని అమెరికా బొంకితే, పైలట్ గ్యారీ పవర్స్ ప్రాణాలతో తమ చేతిలోనే ఉన్నాడని సోవియట్ అధినేత క్రుశ్చేవ్ బయటపెట్టాడు. మే 16న అగ్రదేశాల నేతల పారిస్ శిఖరాగ్ర సమావేశం మొదలవుతూనే చెడింది. మరి గూఢచర్యం తగ్గిందా? 1962 అక్టోబరు 14న క్యూబాలో సోవియట్ క్షిపణులను ఫొటో తీసింది కూడా యూ-2 విమానమే! అపనమ్మకం వల్ల గూఢచారిని పంపుతారు, వాడు దొరికితే మిగిలిన కాస్త నమ్మకమూ పోతుంది, మళ్లీ ఇంకొకరిని పంపక తప్పదు. ఆ రాత్రి పాత క్యాలెండర్ కాగితం వెనక పెషావర్ నుంచి పారిస్ మీదుగా క్యూబా దాకా బాణాలు గీస్తుంటే ఈ సుడి మొత్తం కళ్లకు కట్టింది. ఎర్ర సిరా అడిగింది ఇదే.

తర్వాత ప్రతి అంశాన్నీ అలాగే చదివాను. ప్రిలిమ్స్, ఎథిక్స్, ఇంటర్వ్యూ సంగతులు మీకు తెలిసినవే.

మూడేళ్లు వృథా చేశాడన్న బంధువులున్నారు. నేను ఒక్క రోజూ వృథా చేయలేదు. పెళ్లిళ్లకు వెళ్లలేదు, పండగ పూటా ఐదింటికే లేచాను. మీరూ లేవండి. రోజుకు ఒక్క జవాబైనా చేత్తో రాయండి, తప్పు దిద్దేవారి మీద అలగకండి. నేను అలిగి రెండు నెలలు ఆ పేపరు తెరవలేదు.

ఆ క్యాలెండర్ కాగితం ఇంకా నా బల్ల ఎదుట గోడకే ఉంది. కావలసినవారు అడగండి, ఫొటో తీసి పంపుతాను.