నేను వేయని ఇనుప గుండు

నిన్న మధ్యాహ్నం నా ఈవెంట్ జరుగుతుంటే నేను గదిలో మంచం మీద పడుకుని ఫోన్‌లో లైవ్ రిజల్ట్స్ చూస్తున్నాను. పురుషుల ట్రిపుల్ జంప్, వెస్ట్ ఫస్ట్ రౌండ్. అమెరికా కాలేజీ అథ్లెటిక్స్‌లో దేశాన్ని ఈస్ట్, వెస్ట్ అని రెండు ముక్కలు చేసి, ఒక్కో ఈవెంట్‌కి ఒక్కో వైపు నుంచి 48 మందిని పిలుస్తారు. అందులో 12 మంది ఫైనల్స్‌కి వెళ్తారు. ఈ ఏడాది ఆ 48లో నేనున్నాను. 15.42 మీటర్లు దూకి, గాలి కూడా రూల్ ప్రకారమే ఉండగా, సంపాదించుకున్న చోటు అది. మా ఊళ్లో ఇంత దూరం దూకినవాడు లేడని బాపు అందరికీ చెబుతాడు. కొలిచినవాడూ లేడనుకోండి.

నా బదులు పిలిచిన కుర్రాడు మూడు జంపులూ ఫౌల్ చేశాడు. అతనికీ నాకూ ఏ గొడవా లేదు. అయినా మూడో ఫౌల్ కనబడగానే కొంచెం సంతోషం వేసింది. దాచుకోవడం ఎందుకు, ఉన్నదే రాస్తున్నా.

సంగతేంటంటే, నేను డోపింగ్ చేయలేదు, ఫెయిల్ కాలేదు, ఎవరినీ కొట్టలేదు. ఒక మీట్‌లో మా జట్టుకి ఒక మనిషి తక్కువయ్యాడు. దానికి మగవాళ్ల జట్టు మొత్తానికి ఈ సీజన్ ఛాంపియన్‌షిప్ దారి మూసేశారు.

మొదటి నుంచి చెప్తే మీకు అర్థమవుతుంది. 2018లో మన దేశపు హై జంపర్ తేజస్విన్ శంకర్ అమెరికాలోని కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ తరఫున ఎన్‌సీఏఏ టైటిల్, అంటే అక్కడి కాలేజీ ఆటల సంఘం ఛాంపియన్‌షిప్, కొట్టినప్పుడు మా పీఈటీ సార్ ఆ పేపర్ కటింగ్ తెచ్చి స్కూల్లో నోటీసు బోర్డుకి అంటించారు. 2021లో హనుమకొండ జేఎన్ స్టేడియంలో నేషనల్ ఓపెన్ జరిగినప్పుడు నేను పిట్ దగ్గర ఇసుక సమం చేసే కుర్రాళ్లలో ఒకణ్ణి. అక్కడి పెద్దవాళ్ల కాళ్ల గుర్తుల్ని చెరిపేస్తూ, నేనైతే ఎక్కడ పడతానో అని చూసుకునేవాణ్ణి. అప్పుడే పురుగు కుట్టింది.

కోచ్‌లకు వీడియోలు పంపడం, ఇంటర్ మెమోలు పంపడం, ఆడటానికి అర్హత ఉందో లేదో చూసే ఎలిజిబిలిటీ సెంటర్‌లో రిజిస్ట్రేషన్, అన్నీ ఒక వేసవిలో అయిపోయాయి. ఆట మీద ఎప్పుడైనా డబ్బు తీసుకున్నారా అని అడిగే ఫారం దగ్గర మాత్రం, జిల్లా మీట్‌లో ఇచ్చిన స్టీల్ టిఫిన్ బాక్స్ రాయాలా వద్దా అని రెండు రోజులు టెన్షన్ పడ్డాను. రాశాను. ఎవరూ పట్టించుకోలేదు. నానక్‌రామ్‌గూడలో వీసా ఇంటర్వ్యూ రెండు నిమిషాలు. స్కాలర్‌షిప్ అనగానే మొత్తం ఫ్రీ అనుకోకండి. నేను చేరినప్పుడు మగవాళ్ల ట్రాక్, క్రాస్ కంట్రీ కలిపి ఒక కాలేజీ ఇవ్వగలిగింది 12.6 స్కాలర్‌షిప్‌లే. దాన్ని ముక్కలు చేసి పంచుతారు. నా ముక్క నలభై శాతం. మిగతాది బాపు పేరున బ్యాంకులో అప్పుగా ఉంది.

ఇక రూల్. కాలేజీ ఆటల్లో పై స్థాయి అయిన డివిజన్ వన్‌లో ఒక కాలేజీ ఫలానా ఆట మాకుంది అని చెప్పుకోవాలంటే ఏడాదికి ఇన్ని మీట్లు ఆడాలి, లెక్కలోకి వచ్చే ప్రతి మీట్‌లోనూ కనీసం ఇంతమంది దిగాలి. ట్రాక్‌కి ఆ సంఖ్య 14. పేరు రాసిస్తే సరిపోదు, బరిలోకి దిగాలి. పేరుకి జట్టు పెట్టి గ్రాంట్లు మింగే కాలేజీలను అడ్డుకోవడానికి పెట్టారట. మంచిదే. పెద్ద యూనివర్సిటీలకు దీనితో పనే పడదు, వాళ్లకి రిలే జట్లే నాలుగుంటాయి. మాలాంటి చిన్న కాలేజీలో మగవాళ్లు మొత్తం 21 మంది. ఇద్దరికి మోకాళ్లు, ఒకడికి షిన్ స్ప్లింట్స్ (ముంగాలి ఎముక నొప్పి), ఒకడికి కెమిస్ట్రీ ల్యాబ్. ప్రతి మీట్‌కీ 14 అంటే పెళ్లి పందిట్లో చివరి బంతికి మనుషుల్ని వెతికినట్టే ఉంటుంది.

ఏప్రిల్‌లో ఒక వారం మా హెడ్ కోచ్ జట్టుని రెండుగా విడగొట్టాడు. దూరం పరుగెత్తేవాళ్లను కాలిఫోర్నియా తీసుకెళ్లాడు, అక్కడ రాత్రిపూట చల్లగా ఉంటుంది, గట్టి పోటీ ఉంటుంది, మంచి టైమ్‌లు వస్తాయి. మా సీనియర్ ఒకతను, అడ్డంకులూ నీటి గుంటా దాటుతూ పరుగెత్తే స్టీపుల్‌చేజ్ అతనిది, అక్కడే క్వాలిఫయింగ్ టైమ్ కొట్టాడు. మేం మిగిలినవాళ్లం అసిస్టెంట్ కోచ్‌తో బస్సులో మూడు గంటల దూరంలో ఉన్న ఊరికి వెళ్లాం. నాకు అంతకుముందు వారం మడమ దెబ్బతింది. ట్రిపుల్ జంప్ వాళ్లకి ఇది మామూలే, బోర్డు మీద అడుగు పడినప్పుడు శరీరం బరువుకి ఎన్నో రెట్లు కాలి మీద పడుతుంది. గాయాలు చూసే ట్రైనర్ దూకొద్దన్నాడు.

బస్సు దిగాక అసిస్టెంట్ కోచ్ వచ్చి, నీ పేరు షాట్‌పుట్‌లో వేశాను, ఒక్కసారి వేసి వచ్చెయ్, నిలబడి వేసినా చాలు అన్నాడు. ఎందుకు అని అడిగాను. సరదాగా అన్నాడు.

సరదాగా! ఆ ఒక్క మాట వల్లే ఇదంతా. 14 నిండాలి రా బాబూ అని చెప్పి ఉంటే గుండేం ఖర్మ, పోల్ వాల్ట్ కర్రయినా పట్టుకునేవాణ్ణి. సర్కిల్ దగ్గరికి వెళ్లాను కూడా. అక్కడ ఒక్కొక్కడూ నూట ఇరవై కిలోలు. మెడకి సుద్దపొడి పూసుకుని, అరుస్తూ, చేతిలోని గుండుని నిమ్మకాయలా తిప్పుతున్నారు. నేను 68 కిలోలు. ఆ గుండు 7.26 కిలోలు. పక్కన అమ్మాయిలు ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. అది నా కాళ్ల దగ్గరే పడుతుంది, ఆ వీడియో ఊరంతా తిరుగుతుంది అనిపించింది. మడమ నొప్పిగా ఉందని చెప్పి వెనక్కి వచ్చి, బస్సులో ఐస్ ప్యాక్ పెట్టుకుని కూర్చున్నాను. అసిస్టెంట్ కోచ్ కూడా ఏమీ అనలేదు. అతనికి ఆ రోజు జావెలిన్ దగ్గరా, రిలే దగ్గరా ఒక్కడే పరుగు.

ఆ తర్వాత నెల రోజులు ఎవరికీ ఏమీ గుర్తులేదు. నేను కోలుకున్నాను, 15.42 దూకాను, బాపుకి వీడియో పంపాను.

మేలో, ప్రయాణానికి ఇంకా పది రోజులుందనగా, నన్నూ సీనియర్‌నీ కంప్లయన్స్ ఆఫీసుకి రమ్మన్నారు. రూల్స్ పాటిస్తున్నామా లేదా అని చూడటమే ఆ ఆఫీసు పని. ఏడాదంతా మేం ఎన్ని గంటలు ప్రాక్టీస్ చేశామో, ఎవరి దగ్గర టీ-షర్ట్ తీసుకున్నామో అని వందసార్లు సంతకాలు పెట్టించుకుంటారు. అమెరికా పిల్లలు తమ పేరు మీద యాడ్స్ చేసుకుని డబ్బు సంపాదించుకోవచ్చు, స్టూడెంట్ వీసా వాడిని కాబట్టి నాకు ఆ దారి లేదని కూడా నాలుగుసార్లు చెప్పారు. అంత జాగ్రత్తగల మనుషులు 14 వరకు లెక్కపెట్టడం మాత్రం మేలో మొదలుపెట్టారు.

ఆ ఆఫీసులో మమ్మల్ని కూర్చోబెట్టిన ఆవిడ మర్యాదస్తురాలే. టేబుల్ మీద గాజు గిన్నెలో చాక్లెట్లు పెట్టి తీసుకోమంది. సీనియర్ ఒకటి తీసుకుని కాగితం విప్పుతున్నాడు. ఆవిడ కంప్యూటర్ స్క్రీన్ మా వైపు తిప్పింది. ఏప్రిల్ మీట్ రిజల్ట్స్. మా కాలేజీ పేరున్న వరుసలన్నిటికీ పసుపు రంగు వేసింది, పక్కన తన చేత్తో ఒకటి, రెండు, మూడు అని అంకెలు. పదమూడు దగ్గర ఆగింది. దాని కింద పురుషుల షాట్‌పుట్, నా పేరు, దూరం ఉండాల్సిన చోట డీఎన్ఎస్. బరిలోకి దిగలేదు అని అర్థం. లెక్కలోకి రావాల్సిన మీట్లు మాకు సరిగ్గా ఒకటి తగ్గాయి, అది ఇదే అంది. నా పేరుని విరిచి విరిచి చదివి, మీరు ఎందుకు దిగలేదో ఈ ఫారంలో రాయండి అంది.

సీనియర్ చాక్లెట్ కాగితం విప్పడం ఆపేశాడు. నా వైపు చూడలేదు. ఆ కాగితాన్నే చూస్తూ కూర్చున్నాడు. అతనికి ఇది ఆఖరి సీజన్.

నా జీవితంలో చాలా పరీక్షలు రాశాను. ఆ ఫారం లాంటిది రాయలేదు. సిగ్గేసింది అని రాయాలా? గుండు బరువుగా ఉంది అని రాయాలా? మడమ నొప్పి అని రాశాను. అది అబద్ధం కాదు, అలాగని పూర్తి నిజమూ కాదు. ఆవిడ సంతోషించింది. గాయం ఉంటే మినహాయింపు అడగడానికి బలం ఉంటుంది, ట్రైనర్ రికార్డు తెప్పిస్తాను అంది. హమ్మయ్య అనుకుని బయటికి వచ్చాను.

ఆ రికార్డే కొంప ముంచింది. అందులో ఏముందో నాకు తర్వాత చూపించారు. జంప్ వద్దు, పై శరీరంతో చేసే పనులకు అభ్యంతరం లేదు. ఒక్క వాక్యం. అంటే షాట్‌పుట్ నిలబడి వేయొచ్చు అని డాక్యుమెంటే చెబుతోంది. నన్ను కాపాడుతుందని తెప్పించిన కాగితం నా మీదే సాక్ష్యం చెప్పింది. ఆవిడ దాన్ని తీసేయలేదు, తీసేయకూడదు కూడా. అన్నీ కలిపి మినహాయింపు అడిగారు. మూడో రోజు జవాబు వచ్చింది. పరిస్థితులు కాలేజీ అదుపులోనే ఉన్నాయి కాబట్టి మినహాయింపు లేదు.

కాలేజీ అదుపులో ఉన్నదానికి కాలేజీకి ఏమైంది అని అడిగాను. హెడ్ కోచ్ ఉద్యోగం ఉంది. అసిస్టెంట్ కోచ్ ఉద్యోగం ఉంది. ఆఫీసులో చాక్లెట్లు నిండుగా ఉన్నాయి. ఆడపిల్లల జట్టుకి లెక్క సరిపోయింది కాబట్టి వాళ్లు బస్సెక్కి వెళ్లారు. మేం ఇద్దరం కిటికీలోంచి చూశాం. పోనీ ఈ సీజన్ నా నాలుగు సీజన్లలో లెక్కపెట్టకండి అని అడిగితే, మీరు మిగతా మీట్లలో దిగారు కదా అన్నారు. దిగితే ఒక లెక్క, దిగకపోతే ఇంకో లెక్క, రెండూ నా మీదే.

ఎవరైనా ఇటు రావాలనుకుంటే నేను చెప్పేది ఇది. కోచ్ ఏ ఈవెంట్‌లో పేరు వేసినా ఎందుకో మెసేజ్‌లో రాయమనండి. మీ జట్టులో ఎంతమంది ఉన్నారో చేరకముందే అడగండి, ముప్పై లోపు అంటే ఇంకో కాలేజీ చూసుకోండి. ట్రైనర్ ఏం రాశాడో అప్పటికప్పుడు చదవండి. ఇంకా, చాక్లెట్లు పెట్టే ఆఫీసుని నమ్మకండి. ఇది సలహానా కోపమా అంటే నాకే తెలియదు.

ఇంటికి చెప్పడానికి రెండు రోజులు పట్టింది. బాపు ఇరవై ఆరేళ్లు ఆర్టీసీలో కండక్టర్. టికెట్ లేనోడు ఒక్కడు బస్సులో దొరికితే, ప్రయాణికుడు ఇంటికి పోయేవాడు, కండక్టర్ చేతికి ఛార్జిషీట్ వచ్చేది. చిన్నప్పుడు ఒకసారి అలా సస్పెండై ఇంట్లో కూర్చున్న రోజులు నాకు గుర్తే. అంతా విని, “మందిని లెక్కవెట్టకుంట బండి కదిలిచ్చినోనిది తప్పు” అన్నాడు. నాకు ప్రాణం లేచివచ్చింది. ఒక్క క్షణం ఆగి, “మరి నువ్వెందుకు ఎక్కలేదురా బండి?” అన్నాడు. ఏం చెప్పను? అమ్మ ఫోన్ లాక్కుని, తిన్నవా బిడ్డా అని అడిగింది.

సీనియర్ నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు. ఈ రెండేళ్లలో ఆదివారాలు అతను నా గదిలోనే అన్నం తినేవాడు. ఆవకాయ తినడం కూడా నేర్పించాను, కళ్లల్లో నీళ్లు కారుతున్నా వదలడు. అతని రేస్ కూడా నిన్ననే. రాత్రి తొమ్మిదింటికి తలుపు కొట్టి, అన్నం ఉందా అని అడిగాడు. పెట్టాను. మాటల్లేకుండా తిన్నాడు. చెయ్యి కడుక్కుని, కాలిఫోర్నియా తీసుకెళ్లకపోతే నాకు ఆ టైమ్ వచ్చేది కాదు, తీసుకెళ్లకపోతే మనకి మనుషులూ తగ్గేవాళ్లు కాదు అన్నాడు. అతను దాన్ని ఎన్నిసార్లు లెక్కేసుకున్నాడో మరి. తర్వాత, పద అన్నాడు.

గ్రౌండ్‌లో లైట్లు ఆపేశారు. త్రోవర్ల షెడ్‌కి తాళం ఉండదు. అతనే లోపలికి వెళ్లి ఒక గుండు తెచ్చి నా చేతిలో పెట్టాడు. తుప్పు వాసన, పట్టుకుంటే చల్లగా ఉంది. మెడకి ఆనించి, నిలబడే, ఒక్కసారి తోశాను. తడి గడ్డిలో దబ్బుమని పడింది. ఎంత దూరమో కొలవలేదు, అడుగులతో చూస్తే ఏడు మీటర్లు ఉంటుందేమో. తర్వాత అతను వేశాడు. నాకంటే తక్కువే పడింది.