కథకి మెడికల్ లీవు

కఫం పరీక్షలో టీబీ అని తేలిన రోజు, భయం కంటే ముందు నాకు ఒక లెక్క తట్టింది. మందులు ఆరు నెలలు. స్కూలుకి మెడికల్ లీవు పెట్టొచ్చు. ఇన్నేళ్లుగా రాయాలనుకుంటున్న నవల ఇక రాసేయొచ్చు. ఈ మాట చెబితే చాలామంది నవ్వుతారు గానీ, ఉద్యోగం చేస్తూ కథలు రాసేవాళ్లు నవ్వరు. కాలు విరిగి మంచమెక్కితే బాగుండునని వాళ్లలో ప్రతి ఒక్కరికీ ఎప్పుడో ఒకప్పుడు అనిపించే ఉంటుంది.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. 1882లో రాబర్ట్ కోచ్ క్షయ సూక్ష్మజీవిని కనుక్కున్నాడని ఏటా పిల్లల చేత చదివిస్తాను. సాయంత్రం పూట ఒళ్లు వెచ్చబడటం, దగ్గు తగ్గకపోవడం, బ్లౌజులు వదులు కావడం మొదలైతే స్టాఫ్‌రూములో అందరూ చాక్‌పీసు పొడి పడటం లేదన్నారు. రెండు వారాలు దాటిన దగ్గుకి కఫం పరీక్ష చేయించాలని మా పీహెచ్‌సీ గోడ మీద పోస్టరు ఉంది. దాన్ని నమ్మి వెళ్లాను.

మందుల సంగతి క్లుప్తంగా చెబుతాను. మాత్రలు బరువును బట్టి ఇస్తారు. నా బరువుకి రోజూ మూడు. మొదటి రెండు నెలలు ఒక్కో మాత్రలో నాలుగు మందులు, తర్వాతి నాలుగు నెలలు మూడు మందులు. పరగడుపున వేసుకుంటే కడుపులో తిప్పేది. మూత్రం ఎర్రగా వస్తుంది. అది ఆ మాత్రల్లో ఉండే రిఫాంపిసిన్ అనే మందు రంగు. ఆశా కార్యకర్త ముందే చెప్పింది కాబట్టి సరిపోయింది: "ఎర్రగా వస్తాది మేడమ్, భయపడద్దండి." మందులన్నీ ఉచితం. తిండికని ప్రభుత్వం నెలకి వెయ్యి రూపాయలు బ్యాంకులో వేస్తుంది. 2024 నవంబరు ముందు అది ఐదొందలే. మా అమ్మ ఆ వెయ్యి రూపాయల లెక్క తేల్చేవరకు నాకు గుడ్లు పెట్టింది. ఇప్పటికీ గుడ్డు చూస్తే మొహం తిప్పుకుంటాను.

సరే, నవల. మంచం పక్కన చిన్న బల్ల, కొత్త నోటుబుక్కు, రెండు పెన్నులు. ఒక పేరా రాసేసరికి చెమట పట్టేది. కూర్చుని రాయలేకపోతే పడుకుని చెబుదామని ఫోన్లో వాయిస్ టైపింగ్ పెట్టాను. దగ్గు వచ్చినప్పుడల్లా ఫోను తనకు తోచిన మాటేదో టైపు చేసేది. నిజం చెప్పాలంటే ఆ పేజీల్లో కాస్త ప్రాణం ఉన్నవి ఆ మాటలే.

స్కూలు సెలవుకి ఒక పద్ధతి ఉంది. డాక్టరు సర్టిఫికెట్, హెడ్మాస్టరు సంతకం, తిరిగి చేరేటప్పుడు ఫిట్‌నెస్ సర్టిఫికెట్. రాతకి అవేవీ లేవు. రాయమని ఎవరూ అడగలేదు కాబట్టి, చాలించమని చెప్పేవాళ్లూ ఉండరు. పైగా తెలుగులో కథలు రాసేవాళ్ల క్యాలెండరే వేరు. సంక్రాంతి ప్రత్యేక సంచిక, ఉగాది పోటీ, దీపావళి పోటీ, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం. ఈ మధ్యలో వాట్సాప్ గ్రూపుల్లో పలానావారి కథ వచ్చిందని అభినందనలు. రెండు పండగలు మన పేరు కనపడకపోతే మానేశారా అని అడుగుతారు. నా కథల సంపుటి ఆ జనవరికి రావాలి. డీటీపీ, అంటే కంప్యూటర్లో పేజీలు కట్టే పని, సగం అయింది. పుస్తకం మన డబ్బుతో మనమే వేసుకుని, సగం కాపీలు మనమే పంచిపెట్టుకునే వ్యవహారానికి కూడా ఆఖరి తేదీ టెన్షన్ ఏమిటో అని మా ఆయన అనేవాడు. ఆ మాటకి అప్పట్లో కోపం వచ్చేది.

మా అమ్మ మేనత్తకి పెళ్లయిన కొత్తలో క్షయ వచ్చింది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియంలో పెట్టారు. 1915లో క్రైస్తవ మిషన్లవాళ్లు మొదలుపెట్టిన ఆసుపత్రి అది. టీబీ మందు స్ట్రెప్టోమైసిన్ ఇంకా రాని కాలం. పొడి గాలి, పాలు, గుడ్లు, పడక, ఇవే వైద్యం. వరండాలో వరసగా మంచాలు వేసి, మాట్లాడకుండా పడుకోవాల్సిన గంటలని విడిగా పెట్టేవాళ్లట. ఆమె కోసం చెరువు కింద మడి అమ్మారని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ కథ విన్నాక నాకు ధైర్యం వచ్చింది. పడుకోవడం వైద్యం కదా, ఇంక రాయకపోయినా తప్పు లేదు అనుకున్నాను. కానీ జీవశాస్త్రం టీచర్ని, ఊరుకోను. ఫోన్లో వెతుకుతుంటే మద్రాసు పరిశోధన కనపడింది. 1956లో అక్కడ టీబీ కీమోథెరపీ (అంటే మందులతో వైద్యం) సెంటర్ పెట్టి, పేద రోగుల్ని రెండు భాగాలు చేశారు. ఒక భాగానికి శానిటోరియంలో మంచి తిండి, పూర్తి విశ్రాంతి. రెండో భాగానికి ఇరుకు ఇళ్లలోనే, వాళ్ల తిండితో, వాళ్ల పనులతో వైద్యం. మందులు ఇద్దరికీ ఒకటే. ఏడాది తర్వాత చూస్తే ఫలితాల్లో పెద్ద తేడా లేదు. 1959లో అది అచ్చయ్యాక ప్రపంచమంతటా టీబీ వైద్యం శానిటోరియం నుంచి ఇంటికి మారడం మొదలైంది. గొప్ప పని. లక్షల పేదల ఇళ్లలో మడి అమ్మాల్సిన అవసరం తప్పింది. నాకు మాత్రం సాకు పోయింది. నయం చేసేది మందులే. మా డాక్టరమ్మ కూడా అదే అంది: "ఓపిక ఉన్నంతవరకు మీ పనులు చేసుకోవచ్చమ్మా."

అంటే నేను రాయకుండా పడుకోవడానికి వైద్యపరంగా కారణమేమీ లేదు. అది కొన్నాళ్లు మింగుడు పడలేదు. తర్వాత తేలిందేమిటంటే, నేను అలిసిపోయి ఉన్నాను, అదీ జబ్బుకి చాలా ముందు నుంచే. సంపుటి ప్రూఫులు వరసగా చదివితే అది కొట్టొచ్చినట్టు కనపడింది. అందులో ముగ్గురు తల్లులు కథ ఆఖర్న కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డారు. ఏం చూస్తున్నారో రాసినదాన్ని నాకే తెలియదు.

డీటీపీ చేసే అబ్బాయికి మెసేజ్ పెట్టాను, పుస్తకం ఈ జనవరికి లేదు, ఎప్పుడో చెప్పలేనని. "సరే మేడమ్, ఆరోగ్యం జాగ్రత్త" అని నిమిషంలో జవాబు వచ్చింది. దీపావళి పోటీకి కథ పంపలేదు. ఎవరూ ఏమీ అనలేదు. కొంచెం చిన్నబుచ్చుకున్నాను కూడా.

నోట్సు రాయకూడదని ఒక నియమం పెట్టుకున్నాను. కష్టమైంది అదే. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి మామూలు రోజు మధ్యాహ్నం మా వీధి ఎలా ఉంటుందో నేను చూడలేదు. పాత పేపర్లవాడితో ఎదురింటావిడ తూకం దగ్గర రోజూ పెట్టుకునే తగువు, ఇద్దరూ వాడే మాటలు, వింటుంటే చెయ్యి పెన్ను కోసం వెళ్లేది. రేపటి కథకి పనికొస్తుందని దాచుకుంటే అది మళ్లీ డ్యూటీయే కదా. మర్చిపోతే పోనీ అనుకున్నాను. చాలా మర్చిపోయాను.

మాత్రలు మారిన నెలలో అనుకుంటా, అమ్మ పప్పు రుబ్బుతూ మేనత్త కథలో మిగిలిన సగం చెప్పింది. ఆమె బతికి తిరిగొచ్చింది. పిల్లల్ని కన్నది, ముసలిదయ్యేదాకా ఉంది. కానీ అన్నం తిన్నాక మూడు గంటల దాకా తలుపేసుకుని పడుకునేది. కోతల రోజైనా, ఇంటినిండా చుట్టాలున్నా సరే. అత్తగారు అడిగితే ఒకటే జవాబు: "నన్ను లేపద్దని దొర చెప్పినాడు."

"అంత జబ్బు ఉండిందా ఆమెకి అప్పటికీ?" అన్నాను.

"యాడిది జబ్బు! రాయి మాదిరి ఉండె. ఆ దొర ఎప్పుడో ఊరికి పాయె. ఈమె మాత్రం ఆ మాట ఇడ్సలా" అని అమ్మ పగలబడి నవ్వింది.

నాకు ఆమె మీద భక్తి కలిగింది. పది మంది పనిచేసే ఇంట్లో కోడలికి పగటి నిద్ర ఎవరిస్తారు? డాక్టరు ఒకసారి ఇచ్చిన చీటీని ఆమె జీవితాంతం చెల్లుబాటు చేసుకుంది. లోపల నిద్రపోయేదో, ఊరికే దూలాలు చూస్తూ పడుకునేదో ఎవరికీ తెలియదు. ఎవరికీ చెప్పలేదట.

ఆరు నెలలూ మాత్రలు మానకుండా వేసుకున్నాను. ఆఖరి పరీక్షలో ఏమీ లేదన్నారు. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇచ్చి స్కూల్లో చేరాను. కోచ్ పాఠం వచ్చినప్పుడు పిల్లలు నా వైపు కొంచెం జాలిగా చూశారు. ఒకడు మాత్రం ఎర్ర మూత్రం నిజమేనా అని అడిగాడు. నిజమేనన్నాను. ఆ క్లాసు మొత్తం ఆ ప్రశ్నతోనే గడిచింది.

ఇప్పుడు ఒక కథ రాస్తున్నాను. అన్నం తిన్నాక మాత్రం రాయను. సెలవురోజైతే మూడు గంటల దాకా పడుకుంటాను, ఇంట్లో ఎవరికీ సంజాయిషీ ఇవ్వను. చేత్తో రాస్తున్నాను కాబట్టి నడక నెమ్మది, అలిసిపోతే వాక్యం మధ్యలోనే ఆపేస్తున్నాను. మేనత్త గురించి కాదు, టీబీ గురించి కూడా కాదు. పాత పేపర్లవాడి తూకం గురించి. ఎదురింటావిడ అన్న అసలు మాటలు గుర్తుకు రాక కల్పించుకోవాల్సి వస్తోంది, అవి అసలు మాటల కంటే బాగున్నాయేమోనని అనుమానం.

సంపుటి ఇంకా అలాగే ఉంది. ఆ ముగ్గురు తల్లుల్లో ఇద్దరిని తీసేశాను. మొన్న డీటీపీ అబ్బాయి ఫోన్ చేశాడు, ఎప్పుడు మొదలుపెడదామని. తెలీదు నాయనా అన్నాను. "పర్లేదు మేడమ్, కానీ పేజీ రేటు పెరిగింది, ముందే చెబుతున్నా" అన్నాడు.