సోర్స్ నుంచి ప్యాకేజీలు: మేక్‌పీకేజీ ఉండగా కష్టమెందుకు
ఆర్చ్ లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో సోర్స్ (ప్రోగ్రామ్ అసలు కోడ్) నుంచి ఏదైనా ఇన్‌స్టాల్ చేయాలంటే అన్నీ చేత్తో కొట్టుకుంటూ కూర్చోనక్కర్లేదు. పీకేజీబిల్డ్ (PKGBUILD) అనే చిన్న బాష్ స్క్రిప్టు (కమాండ్లు వరసగా రాసిన ఫైలు) ఉంటే చాలు, మేక్‌పీకేజీ (makepkg) అనే టూల్ దాన్ని చదివి సోర్స్ దించుకుని, చెక్‌సమ్ (ఫైలు మారలేదని తేల్చే కోడ్) సరిపోయిందో లేదో చూసి, కంపైల్ చేసి ప్యాకేజీగా కట్టిపెడుతుంది. అసలు లాభం ఏంటంటే ఫైళ్లన్నీ ఆర్చ్ ప్యాకేజీ మేనేజర్ అయిన ప్యాక్‌మ్యాన్ లెక్కలో ఉంటాయి, వద్దనుకుంటే ఒక్క కమాండ్‌తో పోతాయి (నేరుగా మేక్ ఇన్‌స్టాల్ కమాండ్ కొట్టేస్తే ఏది ఎక్కడ పడిందో వెతుక్కోవడం పెద్ద తలనొప్పి). డిపెండెన్సీలు (దానికి కావాల్సిన వేరే ప్యాకేజీలు) తెచ్చుకోవడానికి మేక్‌పీకేజీ పక్కన మైనస్ ఎస్ (-s), ఇన్‌స్టాల్ కూడా చేసెయ్యాలంటే మైనస్ ఐ (-i).

మేక్‌పీకేజీని రూట్‌గా (అన్ని అధికారాలున్న అడ్మిన్ ఖాతాతో) నడపబోతే ఒప్పుకోదు, మంచిదే. అయినా ఏయూఆర్‌లో (ఆర్చ్ యూజర్లే పీకేజీబిల్డ్‌లు పెట్టే చోటు) దొరికేవి ఎవరో రాసి పెట్టిన స్క్రిప్టులు కాబట్టి సోర్స్ లింకు ఎక్కడికి పోతోందో, బిల్డ్ ఫంక్షన్‌లో ఏముందో చదవకుండా మాత్రం ఎంటర్ నొక్కకండి.