శారయి వయసు ఎంత?

మొన్న ఆదివారం ఆరాధనలో పాస్టరు అయ్యగారు బైబిల్లో ఆదికాండము 12వ అధ్యాయం చదివారు. దేవుడు అబ్రాముతో "నీవు లేచి నీ దేశమునుండియు నీ బంధువుల యొద్దనుండియు నీ తండ్రి యింటి నుండియు బయలుదేరి నేను నీకు చూపించు దేశమునకు వెళ్లుము" అనగానే గుడంతా ఆమెన్ అంది. నా పక్కన కూర్చున్న అక్క మాత్రం అనలేదు. ఒళ్లో బైబిల్ తెరిచి నాలుగో వచనం మీద వేలు పెట్టింది. "అబ్రాము హారాను నుండి బయలుదేరినప్పుడు డెబ్బది యైదేండ్ల యీడు గలవాడు." నా చెవి దగ్గరకు వంగి, "మరి శారయికి ఎన్నేళ్లే?" అంది. శారయి అంటే అబ్రాము భార్య.

ఆ రోజు ప్రార్థన అక్క కోసం, ఆమె భర్త అన్నయ్యగారి కోసం. అన్నయ్యగారు గ్రామీణ నీటి సరఫరా శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్ల ఊళ్లలో బోర్లు వేయించీ, మూయించీ ఆయన జుట్టు నెరిసింది. అక్క స్టాఫ్ నర్సు. ఇప్పుడు ఆయనకు డెబ్బై, ఆమెకు అరవై మూడు. ఉగాండాలో శరణార్థుల మధ్య ఏడాదిన్నర సేవ చేయడానికి ఒంగోలు నుంచి బయలుదేరుతున్నారు. ఈయన పని నీళ్లు, ఆమె పని తల్లులు, పసిపిల్లలు.

శారయి వయసు ఆ అధ్యాయంలో ఎక్కడా లేదు. పదిహేడో అధ్యాయం దాకా వెళ్తే, దేవుడు వాళ్ల పేర్లు అబ్రాహాము, శారా అని మార్చిన చోట, ఆయనకు నూరేళ్లు, ఆమెకు తొంభై అని ఉంటుంది. అక్కడి నుంచి వెనక్కి లెక్క కట్టుకోవాలి. అంటే ఆ రోజు ఆమెకు అరవై ఐదు. ఆయన వయసు వచనంలోనే రాసి ఉంది, ఆమెది మనం తీసివేతలు చేసుకుంటే గానీ తేలదు. ఇన్నేళ్లు సండే స్కూల్లో ఈ పాఠం చెప్పాను, ఒక్కసారీ నాకు ఈ ప్రశ్న తోచలేదు.

పెట్టెలు సర్దే రోజు సాయం చేద్దామని వాళ్లింటికి వెళ్లాను. మంచం నిండా బట్టలు, బీపీ మాత్రలు, డాక్టర్ చీటీలు, ఎల్లో ఫీవర్ టీకా వేసినట్టు ఇచ్చిన పసుప్పచ్చ పుస్తకాలు. అరవై దాటినవాళ్లకు ఆ టీకా వేయాలంటే డాక్టర్లు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు. దాని కోసం ఇద్దరూ చెన్నై వెళ్లి, బోలెడు ప్రశ్నలకు జవాబులు చెప్పి వేయించుకున్నారు. అక్క గోంగూర పచ్చడి డబ్బాకు ప్లాస్టిక్ కవరు మీద కవరు చుడుతోంది. పసి మనవరాలికి ఐదో నెల.

"నీకు వెళ్లాలని ఉందా అక్కా?" అన్నాను.

"దేవుడు ఆయనతో చెప్పాడంట. నాతో ఏం చెప్పలేదు" అంది. కోపంగా ఏం కాదు, పచ్చడిలో ఉప్పు తగ్గింది అన్నట్టు చెప్పింది. నాకేమనాలో తెలియలేదు. కాసేపాగి తనే అంది: "ముప్పై రెండేళ్లు డ్యూటీ చేశానే. రాత్రి రెండింటికి కాన్పు కేసు వస్తే దేవుడొచ్చి పిలిస్తేనే లేచానా? నొప్పులు పడే మనిషి ఉంటే చాలు."

అప్పటి నుంచి ఆ మాట నన్ను వదల్లేదు. శారయికి దర్శనం వచ్చిందని బైబిల్ చెప్పదు. అయినా ఆమె డేరా విప్పింది, గంటెలు, గిన్నెలు మూట కట్టుకుని నడిచింది. పైగా నాలుగో వచనంలో బయలుదేరిన మనిషి పదో వచనానికల్లా కరువుకు తట్టుకోలేక ఐగుప్తు చేరాడు. పిలుపు అందుకున్న ఆరు వచనాలకే శరణార్థి అయ్యాడు! అక్కడ తన ప్రాణానికి భయపడి, నా చెల్లెలినని చెప్పు అని భార్యనే ఆపదలోకి నెట్టాడు. విశ్వాసులకు తండ్రి అని పాడుకునే మనం ఈ పేజీని గబగబా తిప్పేస్తాం.

మా ఒంగోలుకు సువార్త తెచ్చినవాళ్లూ ఇలా సముద్రం దాటి వచ్చిన దంపతులే. అమెరికన్ బాప్టిస్టులు 1840లో నెల్లూరులో మిషను పెట్టారు. ఏళ్లు గడిచినా ఫలితం లేదని దాన్ని మూసేయాలన్న మాట అమెరికాలో మళ్లీ మళ్లీ వచ్చింది. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఐదుగురు మా కొండెక్కి ప్రార్థన చేశారు: మిషనరీ జెవెట్ దొర, ఆయన భార్య, నర్సు, జూలియా, రూతు. ఇక్కడ నర్సు అంటే ఒక తెలుగు క్రైస్తవుని పేరు, అక్క ఉద్యోగం కాదు. ప్రసంగాల్లో మాత్రం "జెవెట్ దొరగారు, దొరసాని" అనే వింటాం. జూలియా, రూతుల పేర్లు నిలిచాయి, దొరసాని పేరు మావాళ్లలో ఎందరికి తెలుసు?

ఆ తర్వాత మరో మిషనరీ క్లౌ దొర 1866లో ఒంగోలు వచ్చారు. పదేళ్లకు, ధాత నామ సంవత్సరంలో, ధాత కరువు పడింది. ఆయన అంతకుముందు అమెరికాలో సర్వేయరుగా చేసిన మనిషి. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్లకు పైగా కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు పని, కూలి ఇప్పించారు. ఆ రోజుల్లో ఎంతోమంది బాప్తిస్మం అడిగినా ఇవ్వలేదు. కూటి కోసం చేరారన్న మాట రాకూడదని ఆపేశారు. కరువు తీరాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు మారుతూ. మా గుళ్లల్లో ఈ 2,222 అంకె తెలియని పిల్లాడు ఉండడు. నాకు మాత్రం బాప్తిస్మాలు ఆపేసిన ఆ నెలలే పెద్ద సంగతి అనిపిస్తుంది. అన్నం పెట్టి, బదులుగా ఏమీ అడగకుండా ఉండటం తేలిక కాదు.

మనవాళ్లు వెళ్లడం కూడా కొత్తేం కాదు. 1903లోనే తెలుగు బాప్టిస్టులు జాన్ రంగయ్య గారిని దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు పంపారు. అక్కడ ఒప్పంద కూలీలుగా వెళ్లిన తెలుగువాళ్ల మధ్య ఆయన సంఘాలు కట్టారు. ఉప్పు సముద్రం మీద ఆ ప్రయాణాన్ని తలుచుకుంటే మా అక్క విమాన ప్రయాణం బాపట్ల వెళ్లొచ్చినంత పని.

ఇంకొక మాట అన్నయ్యగారు చెప్పారు. ఉగాండాలో పది లక్షల మందికి పైగా శరణార్థులు ఉన్నారట, చాలామంది దక్షిణ సూడాన్ నుంచి వచ్చినవాళ్లు. అక్కడి ప్రభుత్వం వాళ్లకు గుడిసె వేసుకుని సాగు చేసుకోవడానికి కొంచెం నేల కూడా చూపిస్తుందట. అది విన్నప్పుడు నాకు మళ్లీ శారానే గుర్తొచ్చింది. వాగ్దాన దేశంలో ఇన్నేళ్లు తిరిగినా అబ్రాహాము డబ్బు పోసి కొన్న పొలం ఒక్కటే, మక్పేలా. నాలుగు వందల తులాల వెండి తూచి ఇచ్చింది శారాను పాతిపెట్టడానికి.

వెళ్లే రోజు పొద్దున్నే పినాకిని ఎక్స్‌ప్రెస్ కోసం స్టేషన్‌కు పోయాం. అల్లూరయ్య మైసూర్‌పాక్ రెండు డబ్బాలు ఎక్కువే తెచ్చాను, బరువు ఎక్కువవుతుందని అన్నయ్యగారు ఒకటి వెనక్కిచ్చారు. ప్లాట్‌ఫారం మీద అయ్యగారు 121వ కీర్తన చదివారు. "నీ రాకపోకలయందు యెహోవా నిన్ను కాపాడును" అన్న చోట "రాక" అన్న మాటను అక్క గట్టిగా పలికింది.

ఆ రాత్రి చెన్నై ఎయిర్‌పోర్టు నుంచి ఫోన్ చేసింది. కౌంటర్లో కుర్రాడు పాస్‌పోర్టు తిరగేసి, ఈ వయసులో అంత దూరం ఎందుకమ్మా అన్నాడట. అన్నయ్యగారు గొంతు సవరించుకునేలోపే ఈమె "డ్యూటీకి నాయనా" అందట. వీసాలో ఏం రాసుందో, ఈమె ఏం చెప్తోందోనని ఆయనకు చెమటలు పట్టాయట.